గురువారం దాకా ఆగండి

2022 అక్టోబరు. ఆదోనిలో మా చర్చి ప్రహరీని ఆనుకుని ఉన్న గదిలో నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాదిన్నర. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, గోడ వారగా బియ్యం సంచులు. తలుపు మీద 'సహాయ విభాగం' అని రాసి ఉంటుంది. డిగ్రీ అయ్యాక రెండు చోట్ల ఇంటర్వ్యూలకు పోయి, అడిగినదానికి గొంతు పెగలక తిరిగి వచ్చినదాన్ని. మాట్లాడే పని తక్కువ, రాసే పని ఎక్కువ అని చెప్పి మా పాస్టరు అయ్యగారు నన్ను ఇక్కడ పెట్టారు.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సాయం కోరి వచ్చినవాళ్ల వివరాలు మొదటి రోజే ఇన్‌టేక్ షీటులో రాస్తాను. ఎవరు, ఎందరు, ఏం పోయింది, ఏం కావాలి అన్నవి అందులో ఉంటాయి. ఆ తర్వాత స్పాట్ వెరిఫికేషన్. అంటే కమిటీవాళ్లు ఇద్దరు ఆ మనుషులున్న చోటికే పోయి కళ్లారా చూసి రావడం. చివర కమిటీ మీటింగు. నేను ఒక మూల కూర్చుని మినిట్స్, అంటే ఎవరేమన్నారన్నది రాస్తాను. నేనేమన్నానో రాసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మా దగ్గరికి సాయం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పిడికెడు బియ్యం. సంఘంలోని ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలు తెచ్చి చర్చిలో సంచిలోకి వంచుతారు. రెండోది కోత పండుగ. పండిన పంటలో మొదటిది దేవుడికని సజ్జలు, వేరుశనగ, ఉల్లిగడ్డలు, బుట్టెడు పత్తి, కోళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చినదానిలో కొంత, ఇల్లు లేక బయట పడుకునే కుటుంబాలకు ఆరు నెలల అద్దె కట్టడానికి పోతుంది. ఆ పథకానికి 'నీడ' అని పేరు.

'నీడ'కు ఒకే ఒక నియమం. వెరిఫికేషన్ రోజున కుటుంబం నిజంగా బయటే ఉంటూ ఉండాలి. అంతకుముందు సంవత్సరం ఒకాయన బస్టాండులో పడుకుంటున్నానని చెప్పి సాయం తీసుకున్నాడు. ఆయనకు ఊళ్లో మిద్దె ఉందని తర్వాత తెలిసింది. "మా పిడికెడు బియ్యం మిద్దెలున్నోళ్లకా?" అని ఆడవాళ్లు అయ్యగారిని నిలదీశారు. అప్పుడు పుట్టిన నియమం అది. సహాయ కమిటీ కార్యదర్శి సాల్మన్ సారు, రిటైరైన హెడ్మాస్టరు, దాన్ని తన గుండ్రటి అక్షరాలతో రాసి బీరువా తలుపుకు లోపలివైపు అతికించారు.

దీపావళి దాటిన వారంలో, వాన వెలిసిన ఒక సాయంత్రం, ఒకావిడ గుమ్మంలో నిలబడింది. వెనక స్కూలు యూనిఫాంలో పద్నాలుగేళ్ల పిల్ల. లోపలికి రమ్మంటే వచ్చి నేల మీద కూర్చోబోయింది. కుర్చీ చూపించాను.

"వద్దులే మేడమ్. సీర తడిగుంది. మీ కుర్సీ నానుతుంది."

పేరు ఉరుకుందమ్మ. భర్త ఈరన్న, మార్కెట్ యార్డులో పత్తి బస్తాలు మోసే హమాలీ. ఒక్కతే కూతురు, రేణుక. సొంతూరు ఆస్పరి పక్కన. ఆ సంవత్సరం వానలకు వాళ్ల మట్టి మిద్దె ఒక పక్క నుంచి నాని, ఒక పొద్దున మొత్తంగా కూర్చుండిపోయింది. మనుషులు బయట ఉన్నారు కాబట్టి బతికారు. అడ్రసు అడిగాను. షీటులో ఆ గడి ఖాళీగా వదలకూడదు.

"అడ్రసా? రాసుకో. యార్డు గేటుకు ఎదురుగా మూసేసిన ఇత్తనాల అంగడి ఉంది గదా, దాని మెట్లు. మొత్తం నాలుగు. పై మెట్టు మాది."

"కింద మెట్టు కుక్కది" అంది పిల్ల, నవ్వాపుకుంటూ.

ఏం కావాలని అడిగాను. ఉరుకుందమ్మ ఇల్లు కావాలనలేదు. "పాప బడి నిలవల్ల" అంది.

మా వైపు పంట పోయిన ఏడు, కుటుంబాలకు కుటుంబాలు బండ్లెక్కి గుంటూరు దిక్కు మిరపకాయలకూ పత్తికీ పోతాయి. దాన్ని సుగ్గి అంటారు. పోతే మళ్లీ రావడం ఉగాదికే. కూలీలను కుదిర్చే మేస్త్రీ వాళ్ల దగ్గరికి కూడా వచ్చి పోయాడు. మూడు వారాల్లో బండి.

"రూము దొరికితే మేము పోము మేడమ్. నాకు జిన్నింగు మిల్లులో పని ఉంది, ఈయప్పకు యార్డు ఉంది. రూము లేకుంటే ఆ మెట్ల మీద ఎన్ని దినాలుంటాము? పోవల్ల. పోతే దీన్ని యాడ ఇడిసిపెట్టల్ల? ఎంట తీస్కపోవల్ల. తొమ్మిది సదువుతాంది. మా అన్న కూతురు ఇట్లనే ఒక్క సుగ్గికి వచ్చింది. మళ్ళ బడి మొగం సూడలే."

"హాస్టలు అడిగారా?"

"అడిగినాము. పేర్లన్నీ నిండిపోయినాయంట."

షీటు పూర్తి చేసి, సంచిలోంచి బియ్యం కొలిచి ఇచ్చాను. ఆమె గుప్పిట్లోకి తీసుకుని చూసింది. రేషను బియ్యం, సోనా మసూరి, కొత్తవి, పాతవి, నూక, అన్నీ కలిసి ఉంటాయి పిడికెడు బియ్యంలో. ఎంత చేయి తిరిగిన మనిషి వండినా సగం మెత్తగా సగం పలుకుగా దిగుతుంది.

"మీ సంఘమంతా దీంట్లోనే ఉన్నట్టుందే" అంది.

పోయేముందు రేణుక బీరువా వైపు చూసింది. "అక్కా, దీంట్లో సోటు ఉందా?"

"ఎందుకు?"

"నా సంచి పెట్టుకుంటా. మెట్ల మీద పుస్తకాలు తడుస్తాండాయి. సోషల్‌ది చూడు" అని తీసి చూపించింది. పుస్తకం నాని ఉబ్బి, అప్పడాల కట్టలా ఉంది. "పొద్దున బడికి పోతా తీస్కుంటా. సాయంత్రం ఈడనే హోంవర్కు రాసి పెట్టిపోతా."

నియమం అతికించిన తలుపు తెరిచి, కింది అరలో చోటు చేశాను. ఆ రోజు నుంచి రేణుక సాయంత్రం నాలుగున్నరకు వచ్చి, బియ్యం సంచికి ఆనుకుని కూర్చుని రాసుకునేది. నా బల్ల సొరుగులో ఆఫీసుకు సంబంధం లేని పుస్తకం ఒకటి ఉంటుందని రెండో రోజే కనిపెట్టింది. "సారు సూస్తే తిట్టరా?" అంది. సారు సొరుగులు చూడరని చెప్పాను. "అయితే నువ్వు అయిపోయినంక నాకియ్యి" అంది. అప్పటిదాకా నన్నెవరూ పుస్తకం అడగలేదు.

వారం తిరక్కుండానే ఒక మంగళవారం ఉరుకుందమ్మ పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, ఎమ్మిగనూరులో నా సెల్లెలు ఉంది గదా, అది ఫోన్ సేసింది. అది పని సేసే ఇంటోళ్లు మగ్గాలు ఆపేసినారంట. మగ్గం గది ఖాళీ ఉంది. అద్దె ఏమొద్దు, నూలు సుట్టేదాంట్లో సాయముంటే సాలు అన్నారంట. ఆడ కూడా ఆడపిల్లల బడి ఉందంట. ఆదివారం దాకా మా కోసం ఆపుతారంట. పోదుమా?"

ఆ ప్రశ్న ఆమె నన్ను అడగాల్సిన పని లేదు. చీర కొంగులో ఉన్న చిల్లరతో బస్సెక్కితే గంటలో ఎమ్మిగనూరు. కానీ నేను షీటు రాసినదాన్ని, ఆమె దృష్టిలో ఆఫీసు నేనే. చెప్పకుండా పోతే మర్యాద కాదనుకుంది.

నేను బీరువా తెరిచి నియమం చదివాను. సాల్మన్ సారుకు ఫోన్ చేసి అడగొచ్చు. ఫోన్లో పెద్దవాళ్లతో మాట్లాడాలంటే నాకు మాట తడబడుతుంది. రాసిపెట్టిన కాగితం ఎదురుగా ఉండగా ఫోన్ ఎందుకనుకున్నాను. మగ్గం గది ఎవరి దయ మీదో ఉండేది. రేపు మగ్గాలు మళ్లీ ఆడితే లేవమంటారు. 'నీడ' అయితే ఆరు నెలలు గట్టిగా ఉంటుంది. రేణుక బడి మారక్కర్లేదు. ఇవన్నీ మంచి ఆలోచనలే. అడుగున ఇంకొకటి కూడా ఉండి ఉంటుంది. పుస్తకం అడిగిన పిల్ల ఊరు వదిలి పోకూడదని.

"ఇప్పుడు గదిలోకి పోతే మీరు బయట లేనట్టు అవుతుంది. 'నీడ' రాదు. గురువారం మావాళ్లు వచ్చి చూస్తారు. చూసిపోయాక మీ ఇష్టం. గురువారం దాకా ఆగండి" అన్నాను.

ఆమె చిల్లర ఉన్న కొంగు ముడి బిగించుకుంది. "రెండు దినాలే గదా" అంది.

బుధవారం సాల్మన్ సారు ఆఫీసుకు వచ్చారు. "ఈ గురువారం కుదరదు దీవెనా. కోత పండుగ పందిరి, వంటలు, అన్నీ నా నెత్తి మీదే ఉన్నాయి. పండుగ కానీ, సోమవారం పోదాము" అన్నారు. సరే సార్ అన్నాను. ఎమ్మిగనూరు మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన అప్పటికే పందిరివాడితో ఫోన్లో ఉన్నారు.

గురువారం సాయంత్రం నేనే మెట్ల దగ్గరికి పోయాను. ఫైలుకు ఒక ఫొటో కూడా కావాలి. సన్నగా వాన పడుతోంది. పై మెట్టు మీద మూసిన షట్టరుకు ప్లాస్టిక్ పట్ట కట్టి, దాని కింద ముగ్గురూ ఒదిగి ఉన్నారు. సోమవారం వస్తారని చెప్పాను; ఎమ్మిగనూరు గది ఆదివారం దాకేనని తెలిసీ, ఇక పొమ్మని అనలేకపోయాను.

ఈరన్న అరిచే మనిషి కాదు. "గురువారం అంటివి గదమ్మా" అన్నాడు, అంతే.

ఉరుకుందమ్మ పట్ట కిందనుంచి బయటికి జరిగి, చేతులు చాచి నిలబడింది. "ఫొటో ఇట్ల తియ్యి మేడమ్. బాగా తడిసినట్టు పడల్ల. మీవాళ్లు పొడిగా ఉండేటోళ్లను నమ్మరు గదా?"

రేణుక నవ్వింది. నేను తీశాను. వాళ్లు ముగ్గురూ, నాని కారుతున్న పట్ట, కింద మెట్టు మీద కుక్క. చాలా స్పష్టంగా వచ్చింది.

ఆదివారం కోత పండుగ. భోజనాలున్నాయి కాబట్టి వాళ్లను రమ్మన్నాను. వచ్చి పందిరి చివర కూర్చున్నారు. రేణుక ఊరికే కూర్చోలేక ఉల్లిగడ్డల బుట్టలు మోసింది. వేలం సాల్మన్ సారే వేస్తారు. ఆయన గొంతు మైకు లేకున్నా వీధి చివరికి వినబడుతుంది. ఒక నాటుకోడిని రెండు చేతులతో పైకెత్తి, "తల దాచుకునేకి చోటు లేని మన అక్కచెల్లెండ్ల కోసం! ఇది కోడి కాదు, ఒక ఇంటికి తలుపు!" అన్నారు. పదిమంది పోటీ పడి పాడారు. పాడినాయన కోడిని మళ్లీ సంఘానికే ఇచ్చేశాడు, మళ్లీ పాడారు. చప్పట్లు.

ఉరుకుందమ్మ నా వైపు వంగింది. "ఆ కోడికి ఉండే గిరాకీ మాకు లేదే పాపా. మమ్మల్ని గూడా ఆ బుట్టలో పెట్టి పాడితే పోతుండె."

భోజనాల దగ్గర సాల్మన్ సారు బుట్ట మోస్తున్న రేణుక తల మీద చేయి వేశారు. "ఎవరి పాపవమ్మా? బాగా పని చేస్తున్నావే."

రేణుక నా వైపు చూసింది. ఈ పాప వాళ్ల కోసమే సార్ మనం ఇదంతా చేస్తున్నది, రేపు చూడబోయేది వీళ్లనే, అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నా చేతుల్లో పళ్లేల దొంతర ఉంది. నేను పళ్లేలు మోసుకుని వంట వైపు పోయాను.

ఆ మధ్యాహ్నమే ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. మగ్గం గదిలో వేరేవాళ్లు దిగారు.

సోమవారం సారు అలసిపోయి ఉన్నారు. మంగళవారం ఆయనకు ఎవరిదో పెళ్లి. మంగళవారం మధ్యాహ్నం నుంచి వాన ఊపందుకుంది. రేణుక ఆ రోజు సంచి పెట్టడానికి వచ్చినప్పుడే ఒళ్లు వెచ్చగా ఉంది. మాత్రలిచ్చాను. "రేపు తప్పకుండా వస్తారు" అని చెప్పాను. ఎన్నోసారి చెప్పానో నాకే సిగ్గేసింది.

బుధవారం పొద్దున ఏడింటికి సాల్మన్ సారు, ఇంకొక సంఘ పెద్ద, నేను ఆటోలో యార్డు దగ్గర దిగాం. మెట్ల మీద కుక్క మాత్రమే ఉంది. పట్ట ఒక కొస ఊడి గాలికి కొట్టుకుంటోంది.

"ఎవరూ లేరే" అన్నారు సారు.

రోడ్డు అవతల జిన్నింగు మిల్లు వాచ్‌మన్ మమ్మల్ని చూసి గొడుగు వేసుకుని వచ్చాడు. మంచి చేసినవాడి ఉత్సాహం ఆయన ముఖంలో ఉంది. "ఆ మెట్ల మీద ఫ్యామిలీనా సార్? పరేషాన్ కావద్దు. మా షెడ్లో ఉండారు. పాపకు నిన్న సాయంత్రం బుఖార్ ఎక్కువైంది, వణుకుతాండె. ఎట్ల సూస్తా ఊరుకునేది? నేనే రమ్మంటి."

పత్తి గింజలు నిల్వ చేసే షెడ్డు. ఒక మూల చాప, చాప మీద దుప్పటి కప్పుకుని రేణుక. తాడు మీద ఆరేసిన బట్టలు. ఇటుకల పొయ్యి మీద గంజి. ఉరుకుందమ్మ గబగబా లేచి కొంగు సర్దుకుంది.

సాల్మన్ సారు పైకప్పు వైపు చూశారు. ఇంకో పెద్ద "బల్బు గూడా ఉంది" అన్నారు, మెల్లగా, తనలో తనే.

"నిన్న ఒక్క పూటే సామీ. పాపకు జరమొచ్చిందని" అంది ఉరుకుందమ్మ. "మిల్లు మేస్త్రీకి తెలిస్తే ఇయ్యాలే ఎల్లగొడతారు."

"మంచిదమ్మా, పాపను చూసుకో. దేవుడే మీకు చోటు చూపించినాడు" అన్నారు సారు. మోకాళ్లు నొప్పి ఉన్నా చాప పక్కన వంగి, రేణుక నుదుటి మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో నటన లేదు. లేచాక చేతి సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి పిల్ల పక్కన పెట్టారు.

మీటింగు సాయంత్రం ఐదున్నరకు. అయిదుగురు పెద్దలు, నేను. చర్చ పెద్దగా జరగలేదు. "పోయినేడు జరిగింది మరిచిపోయినారా? కప్పు కింద ఉండేవాళ్లకు ఇచ్చినామని తెలిస్తే పిడికెడు కాదు, గింజ కూడా రాలదు" అన్నారు ఒకరు. "వాళ్లు అబద్ధాలాడే మనుషుల్లా లేరు" అన్నారు సారు. "కానీ మనం చూసింది చూసినట్టు రాయల్ల కదా." తర్వాత, నేను ఎదురుచూడనిది జరిగింది. ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగారు.

"నువ్వేమంటావు దీవెనా? నువ్వు రోజూ చూస్తున్నావు కదా వాళ్లను."

ఏడాదిన్నరలో మొదటిసారి. ఐదు ముఖాలు నా వైపు. ఆ వాక్యం నా దగ్గర సిద్ధంగా ఉంది, ఆటోలోనే కూర్చుకున్నాను: ఎమ్మిగనూరులో గది దొరికినా నేను ఆగమన్నందుకే వాళ్లు మెట్ల మీద ఉన్నారు సార్, మనం చెప్పిన రోజు మనమే రాలేదు. అంతే. దానికి ఊపిరి కూడా మధ్యలో తీసుకోనక్కర్లేదు.

"ఏం లేదు సార్" అన్నాను.

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. నేను మినిట్స్‌లో 'కుటుంబానికి వసతి ఉన్నట్టు గమనించడమైనది' అని రాసి, ఫైలు మీద 'క్లోజ్డ్' అని ముద్ర వేశాను. ఇంటికి పోయి ఆ వాక్యాన్ని డైరీలో పూర్తిగా రాసుకున్నాను. ఒక్క దిద్దుబాటు లేకుండా వచ్చింది. చదువుకుంటే ధైర్యవంతురాలు రాసినట్టే ఉంది.

మరునాడు చెప్పడానికి పోయాను. అప్పటికే మిల్లు మేస్త్రీ చూసి షెడ్డు ఖాళీ చేయించాడు. మళ్లీ మెట్ల మీదే ఉన్నారు. రేణుక షట్టరుకు ఆనుకుని కూర్చుంది. జ్వరం తగ్గుముఖం పట్టింది.

"'నీడ' రాలేదు" అన్నాను.

ఉరుకుందమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఏంటికి?"

"షెడ్డులో ఉన్నారని."

"ఇన్ని దినాలు తడిసినాము. తడవాల్సిన పొద్దు తడవలే. అంతే గదా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది. "నువ్వు సెప్పినావా పాపా? ఎమ్మిగనూరుకు పోతామంటే ఆగమన్నది నువ్వేనని, మీ సారోళ్లకు?"

తల అడ్డంగా ఊపాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. వెనక్కి తిరిగి పట్ట ముడి విప్పడం మొదలుపెట్టింది. ఈరన్న అప్పటికే సుగ్గి మేస్త్రీతో మాట్లాడి వచ్చాడు. శనివారం బండి.

నా జీతంలోంచి ఒక నెల అద్దె కట్టొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ రెండు రోజులూ నేనే తిరిగాను. యార్డు మనుషులంటే గది ఇస్తామన్నవాళ్లు దొరకలేదు. ఒకరిద్దరు అడ్వాన్సు అడిగారు, అంత నా దగ్గర లేదు. సారును అడగాల్సింది. మళ్లీ అదే గోడ.

శనివారం పొద్దున రేణుక ఆఫీసుకు వచ్చింది. సంచి కోసమనుకుని బీరువా తెరిచాను.

"వద్దక్కా. ఉగాదికి వస్తాము గదా. అంతవరకు ఈడనే ఉండనీ. ఆడ గుడిసెల్లో తడుస్తాయంట." గుమ్మం దాకా పోయి తిరిగి చూసింది. "నువ్వు సదివే ఆ పుస్తకం అయిపోయిందా?"

"ఇంకా కాలేదు" అన్నాను. నిజానికి అయిపోయి నాలుగు రోజులైంది. ఇవ్వడం మరిచిపోయాను. తీసి ఇచ్చేలోపల ఈరన్న కేకేశాడు, ఆమె పరుగెత్తింది.

డిసెంబరులో క్రిస్మస్ దుప్పట్ల పంపిణీ కోసం విన్నపం కార్డులు అచ్చు వేయించారు. కార్డు మీద పెట్టడానికి ఒక ఫొటో కావాల్సి వచ్చి, సారు ఫైళ్లన్నీ తిరగేసి ఒకటి తీశారు. ముగ్గురు మనుషులు, నాని కారుతున్న పట్ట, కింద మెట్టు మీద కుక్క. "ఎంత బాగా తీసినావమ్మా! చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కింద నాలుగు మాటలు నువ్వే రాయి, నీ తెలుగు బాగుంటుంది" అన్నారు. వాళ్ల ఫైలు క్లోజ్ అయిందని ఆయనకు గుర్తులేదు. గుర్తు చేయవచ్చు. 'ఈ చలికి వీళ్లకు మీ పిడికెడు చాలు' అని రాసి ఇచ్చాను. ఆ సంవత్సరం దుప్పట్లు మిగిలిపోయేంతగా వచ్చాయి. వాటిని పెట్టడానికి బీరువా ఖాళీ చేయమన్నారు. పై అరలు ఖాళీ చేశాను. కింది అర ముట్టలేదు.

ఉగాది దాటిన నెల పది రోజులకు ఉరుకుందమ్మ ఒక్కతే వచ్చింది. ఎండకు నల్లబడింది. చేతివేళ్లు మిరప ఘాటుకు పగిలి ఉన్నాయి. ఈసారి అడగకుండానే కుర్చీలో కూర్చుంది.

"రేణుక ఏది?"

"ఎమ్మిగనూరులో. నా సెల్లెలి కాడ ఇడిసినాను. నూలు సుడతాంది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ మగ్గాల ఇంట్లోనే. గది ఇస్తామన్నారే, వాళ్లే. గదిలో వేరేటోళ్లు ఉండారు. ఇది పగలంతా సుట్టి, సెల్లెలింటికి పోయి పండుకుంటాది."

"బడికి?"

"పరీచ్చలు అయిపోయినాయంట గదా. యాడ పోతాది?"

"జూన్‌లో మళ్లీ తొమ్మిదిలో చేరొచ్చు. నేను స్కూల్లో మాట్లాడతాను" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. నేను మాట్లాడతాను అన్న మాట విలువ ఆమెకు తెలుసు.

"సంచి ఇయ్యి పాపా. దాని కోసరమే వచ్చినా."

బీరువా కింది అర నుంచి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, లోపలి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి నా ముందు పేర్చింది. లెక్కలు, సైన్సు, ఉబ్బిన సోషల్, సగం రాసిన నోటుబుక్కులు, కంపాసు పెట్టె. సంచి తిరగేసి దులిపింది. జిప్పు పనిచేస్తోందా అని రెండుసార్లు లాగి చూసుకుంది.

"పుస్తకాలు?" అన్నాను.

"అవెందుకు? మళ్ళ పోయేటప్పుడు గుడ్డలు పెట్టుకునేకి సంచి కావల్ల. గట్టి సంచి ఇది." భుజానికి తగిలించుకుని లేచింది. గుమ్మం దగ్గర, అలవాటు ప్రకారం, "వస్తా మేడమ్" అంది. మళ్లీ రాలేదు.

జూన్‌లో బడికి పోయి, పేరు మళ్లీ రాసుకుంటామన్న మాట తీసుకుని, ఎమ్మిగనూరు పోయాను. రేణుక రాట్నం ముందు నుంచి లేవలేదు. "నా ఈడోళ్లంతా పదిలోకి పోయినారు గదక్కా" అంది. అప్పుడు ఇవ్వని పుస్తకం ఇచ్చాను. ఒడిలో పెట్టుకుంది. దారం తెగితే అతికించడానికి వంగినప్పుడు అది జారి నేల మీద పడింది. తీయలేదు.

ఈ కేసు నాకేం నేర్పిందని అడిగితే, నియమాలు చెడ్డవని చెప్పను. ఆ నియమం ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. ఇచ్చేవాళ్లకు మోసపోతామన్న భయం ఉంటుంది, అది తప్పు కాదు. కానీ ఆ భయానికి కావలసిన రుజువును మేం తడుస్తున్నవాళ్ల ఒంటి మీదే వెతికాం. వాళ్లు ఆరకుండా ఉండేలా చూసింది నేను. తర్వాతి సంవత్సరం కోత పండుగకు ముందు జరిగిన మీటింగులో, ఎవరూ అడగకుండానే, లేచి నిలబడి జరిగిందంతా చెప్పాను. సాల్మన్ సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా" అన్నారు. నియమం గురించి వచ్చే మీటింగులో చూద్దామన్నారు. అది ఇంకా బీరువా తలుపు మీదే ఉంది. దాని కింద, కింది అరలో, తొమ్మిదో తరగతి పుస్తకాలున్నాయి.

ఇప్పుడు ఎవరైనా వచ్చి, ఫలానా చోట గది ఇస్తామంటున్నారు, పోవాలా, మీవాళ్లు వచ్చి చూసేదాకా ఆగాలా అని అడిగితే నేను బీరువా తెరవను. రాస్తున్న షీటు మూసేసి, బస్సు ఎన్నింటికి అని అడుగుతాను. ఆ షీట్లన్నీ తర్వాత 'అనర్హం' కిందికే పోతాయి. పోనీ.